రుణం తీరిపోయాక

మనవాళ్ళు ఎవరైనా చనిపోయినా, ఉన్న ఊరు వదిలినా, ఏళ్ళ తరబడి ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసినా ఒకటే మాట అంటారు: "రుణం తీరిపోయింది." నాకు విడాకులు మంజూరైన రోజు సాయంత్రం మా పెద్దమ్మ ఫోన్ చేసి అదే అంది. "మీ ఇద్దరికీ రుణం అంతవరకే రాసిపెట్టి ఉందమ్మా. తీరిపోయింది. ఇంక దాన్ని తవ్వుకోకు." విడాకుల గురించి మాట్లాడ్డానికి ఆవిడ దగ్గర వేరే భాష లేదు. నాకు ఆ మాట నచ్చింది కూడా. తప్పెవరిదో తేల్చే పని పెట్టుకోకుండా ఇద్దరినీ మర్యాదగా విడదీసే మాట అది.

ఎనిమిది నెలల తర్వాత, 2023 చివర్లో, ఒక లోన్ ఆఫీసులో కూర్చున్నాను. తమ్ముడికి మాస్టర్స్ సీటొచ్చింది. నాన్న రిటైరై నాలుగేళ్ళైంది కాబట్టి ఎడ్యుకేషన్ లోనుకి నేనే కో-అప్లికెంట్. నా జీతం సరిపోతుంది, ఏ తాకట్టూ అక్కర్లేదనే ధైర్యంతో వెళ్ళాం. డెస్కులో ఉన్న అబ్బాయి కీబోర్డు మీద ఏదో కొట్టి, కాసేపు చూసి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. 641.

"హోమ్ లోన్‌లో మూడు ఈఎంఐలు పెండింగ్ ఉన్నాయి మేడమ్."

"అది నాది కాదండీ. మా... అతనిది. మాకు డివోర్స్ అయింది."

ఆ అబ్బాయి ఇబ్బందిగా నవ్వాడు. జాలి లేదు, వెటకారమూ లేదు. "మీ పేరు ఉంది కదా మేడమ్" అన్నాడు.

పక్కన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. వాడి వీసా తేదీలు దగ్గర పడుతున్నాయి. జీవితంలో ఎవరి దగ్గరా రూపాయి అప్పు చేయని మా నాన్న అరవై మూడేళ్ళ వయసులో, నెల తిరక్కుండానే ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళి ఇంకో బ్యాంకులో తాకట్టు పెట్టి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

ఆ రోజునుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చేయని తప్పుకి నా మాట మీద నమ్మకం పోవడం న్యాయమేనా? మొదట్లో దీనికి జవాబు చాలా సులువనుకున్నాను.

*

జరిగింది ఇది. 2018లో ఫ్లాట్ కొన్నాం. ఒక్కరి జీతం మీద అంత లోన్ రాదు కాబట్టి ఇద్దరం కలిసి తీసుకున్నాం. ఒక మధ్యాహ్నం పూట టీ తాగుతూ నలభై చోట్ల సంతకాలు పెట్టాను. పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు ఎక్కడుంటే అక్కడ. ఏం సంతకం పెడుతున్నానో చదవలేదు. చదివి ఉన్నా పెట్టేదాన్నే.

విడిపోయేటప్పుడు గొడవల్లేవు. హిందూ వివాహ చట్టంలో 13బి కింద పరస్పర అంగీకారం. అందులో ఏడాది పాటు విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలూ తప్పనిసరి కాదు, సందర్భాన్ని బట్టి కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఒప్పందంలో మేం రాసుకున్నది ఒక్క పేరాలో సరిపోయింది: ఫ్లాట్ అతనికి, మిగతా ఈఎంఐలు అతనివి, నా పేరు తీయించే బాధ్యత అతనిది. జడ్జిగారు చదివి, ఇద్దరినీ ఒకసారి చూసి, తీర్పులో చేర్చారు.

మాకు తట్టని విషయం ఒకటుంది. ఆ గదిలో బ్యాంకు లేదు.

ఇద్దరు కలిసి తీసుకున్న అప్పులో చెరి సగం ఉండదు. ఇద్దరూ మొత్తానికి బాధ్యులు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ చెప్పేది ఇదే: కలిసి మాటిచ్చినవాళ్ళలో ఎవరినైనా పట్టుకుని మొత్తం వసూలు చేసుకోవచ్చు. కట్టినవాళ్ళు తర్వాత రెండోవాళ్ళ దగ్గర వాళ్ళ వాటా రాబట్టుకోవచ్చు, అది వాళ్ళిద్దరి సంగతి. విడాకుల తీర్పు చేతిలో ఉంటే నేను అతని మీద కోర్టుకి వెళ్ళగలను. బ్యాంకుకి మాత్రం ఆ తీర్పు చూపించి తప్పుకోలేను. పేరు తీయాలంటే అతని ఒక్కడి జీతం ఆ అప్పుకి సరిపోతుందని బ్యాంకు మళ్ళీ లెక్క కట్టుకుని ఒప్పుకోవాలి. ఇద్దరి జీతాలు ఉంటేగానీ ఇవ్వనన్న అప్పుని ఒక్కడి మీదికి బ్యాంకెందుకు మారుస్తుంది? అతను అడిగాడు. వాళ్ళు కుదరదన్నారు. అది నాకు తెలిసేసరికి మూడు వాయిదాలు పోయాయి.

కోపం తగ్గాక బ్యాంకు వైపు నుంచి ఆలోచించి చూశాను. ఇద్దరు అన్నదమ్ములు కలిసి మా నాన్న దగ్గర డబ్బు తీసుకున్నారనుకోండి. రెండేళ్ళ తర్వాత ఆస్తి పంచుకుని, అన్న వచ్చి "ఆ బాకీ తమ్ముడి వాటాలో పడింది బాబాయ్, వాణ్ణడగండి" అంటే మేం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. ఇద్దరూ కలిసి మూడోవాళ్ళకి ఇచ్చిన మాటని, ఆ ఇద్దరూ తమలో తాము మాట్లాడుకుని రద్దు చేసుకోలేరు. అప్పు ఒక్కటే కాదు, పిల్లల విషయంలోనూ అంతే. అమ్మానాన్నలు విడిపోవచ్చు, పిల్లాడి ముందు ఇద్దరూ అమ్మానాన్నలే. ఇక్కడి దాకా వచ్చాక నాకు కొంచెం గొంతులో పడింది. బ్యాంకు చేసింది నచ్చలేదుగానీ తప్పని నిరూపించలేకపోయాను.

మనకి దీన్ని పోలిన కథ ఒకటి ఉంది. హరిశ్చంద్రుడు మాట ఇచ్చాడు. మాట ఇచ్చింది అతనొక్కడే. కాశీలో అమ్ముడుపోయింది చంద్రమతి, లోహితుడు. వసూలుకి వెంటపడ్డ నక్షత్రకుడి పేరు ఇప్పటికీ అప్పులవాళ్ళకి వాడుతూనే ఉన్నాం. చిన్నప్పుడు ఆ కథ సత్యం గురించి అనుకున్నాను. ఇప్పుడు చదివితే ఒకరి మాటకి ఇంకొకరు ఎందుకు చెల్లించాలి అనే ప్రశ్న కనపడుతోంది. చంద్రమతికీ నాకూ ఒక తేడా ఉంది. ఆమెని ఎవరూ సంతకం అడగలేదు. నన్ను అడిగారు, నేను పెట్టాను. అడిగారంటే నన్నూ ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్నట్టే. అమెరికాలో 1974లో చట్టం వచ్చే వరకు స్త్రీకి సొంతపేరు మీద అప్పివ్వకపోవడం, పెళ్ళైందా లేదా అని చూసి నిరాకరించడం మామూలే. సంతకం నా హక్కు అని సంబరపడ్డవాళ్ళం, దాని బరువు మాత్రం పెళ్ళితో పాటే పోవాలంటే ఎలా?

*

క్రెడిట్‌కి తెలుగులో పాత మాట "పరపతి". పల్లెల్లో సహకార పరపతి సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫలానా ఆయనకి పరపతి ఉంది అంటే ఆయనకి అప్పు పుడుతుందనీ, ఆయన మాట చెల్లుతుందనీ రెండు అర్థాలూ వస్తాయి. ఆ మాటని విరిచి చదివితే ఇంకో అర్థం కూడా వస్తుంది. అది వ్యుత్పత్తి కాదు, ఆ రోజుల్లో నాలో నేను వేసుకున్న జోకు మాత్రమే: పతి కాస్తా పరాయివాడయ్యాడు, నా పరపతి మాత్రం ఆ పరపతి చేతిలోనే ఉంది.

నైతికతకీ అప్పుకీ ఉన్న చుట్టరికం చాలా పాతది. ఇంగ్లీషు క్రెడిట్ అనే మాట లాటిన్‌లో "నమ్మడం" నుంచి వచ్చింది. జర్మన్‌లో తప్పుకీ అప్పులకీ దాదాపు ఒకటే మాట, షుల్డ్. 1887లో నీషే దీన్ని పట్టుకుని, మనిషిలో అపరాధ భావం పుట్టిందే అప్పిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఉన్న సంబంధం నుంచి అని వాదించాడు. మనవాళ్ళు ఇంకా ముందుకెళ్ళి పుట్టడమే అప్పుతో పుడతాం అన్నారు. దేవతలకి, ఋషులకి, పితృదేవతలకి. అందుకే స్కోర్ పడిపోతే మనకి జ్వరం వచ్చినట్టు కాకుండా పరువు పోయినట్టు ఉంటుంది. బీపీ నంబరు ఎక్కువొస్తే ఎవరూ సిగ్గుపడరు. 641 చూసి నేను సిగ్గుపడ్డాను, పక్కన తమ్ముడు చూస్తున్నాడని స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టబోయాను.

నిజానికి ఆ నంబరులో ఏముంది? మన దగ్గర సిబిల్ 2000లో మొదలైంది. పరపతి సమాచార సంస్థల చట్టం 2005లో వచ్చింది. ఇప్పుడు అలాంటి సంస్థలు నాలుగున్నాయి. స్కోర్ 300 నుంచి 900 దాకా ఉంటుంది. ముఖ్యంగా చూసేవి: వాయిదాలు టైముకి కట్టారా, ఉన్న లిమిట్‌లో ఎంత వాడుతున్నారు, ఎన్నాళ్ళుగా అప్పులున్నాయి, ఏ రకం అప్పులు, ఈమధ్య కొత్త అప్పుల కోసం ఎన్ని చోట్ల అడిగారు. మీరు మంచివాళ్ళా కాదా అన్నది అందులో లేదు. మీ బ్యాంకులో ఎంత దాచుకున్నారో లేదు. మీకు పెళ్ళైందో, విడిపోయారో కూడా లేదు. అన్నిటికీ మించి "ఎందుకు" అనే గడి లేదు.

మా నాన్నకి స్కోరే లేదు. ఎప్పుడూ అప్పు చేయలేదు కాబట్టి చరిత్ర లేదు. చరిత్ర లేనివాళ్ళకి మైనస్ ఒకటి అని చూపిస్తుంది. పాలవాడికి ఒకటో తారీఖు దాటనివ్వని మనిషి, పక్కింటాయన కూతురి పెళ్ళికి చేబదులిచ్చి పదేళ్ళు అడగని మనిషి ఆ స్క్రీన్ మీద మైనస్ ఒకటి. దీన్నిబట్టే అది మనిషి గుణాన్ని కొలవడం లేదని తెలుస్తుంది. బ్యాంకుకి ఇచ్చిన మాట ఏమైందో మాత్రమే అది చెప్తుంది. అంతవరకే అనుకుంటే దానిమీద అంత కోపం రాదు. అంతకు మించినదానిగా అందరం చూస్తాం, అదే ఇబ్బంది.

*

ఆ రాత్రి ఇంటికొచ్చి పూర్తి రిపోర్టు తీశాను. ప్రతి సంస్థా ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఏడాదికోసారి కాదుగదా, పెళ్ళైన ఏడేళ్ళలో ఒక్కసారీ నేను తీయలేదు. హోమ్ లోన్ కింద చిన్న చిన్న గడులు. ఒక్కో నెలకి ఒక్కో గడి, ముప్పై ఆరు నెలలవి. సున్నాలు, సున్నాలు, చివర 26, 57, 87. ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ లెక్క. తొంభై దాటితే మొండి బాకీ. ఇంకొన్ని రోజులే ఉన్నాయి.

రిపోర్టులో తప్పు ఉంటే సరిచేయించుకునే దారి ఉంది. ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం, 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. నా సమస్య అది కాదు. నా రిపోర్టులో తప్పేమీ లేదు. ప్రతి అంకె నిజం. అబద్ధాన్ని దిద్దడానికి ఫారం ఉంది, అన్యాయంగా ఉన్న నిజాన్ని దిద్దడానికి ఏ ఫారమూ లేదు.

కింద నా క్రెడిట్ కార్డు గడులు ఉన్నాయి. అన్నీ సున్నాలే, ఒక్క రోజు ఆలస్యం లేదు. మొదట గర్వంగా అనిపించింది. చూశారా, నా మటుకు నేను ఎప్పుడూ తప్పలేదు అని వాదించడానికి దొరికిన సాక్ష్యం. రెండు నిమిషాల తర్వాత గుర్తొచ్చింది. కలిసి ఉన్నన్నాళ్ళూ ఆ బిల్లులు కట్టింది నేను కాదు. డబ్బు ఇద్దరిదీ, కట్టేది అతను. ప్రతి నెలా మూడో తారీఖు రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ తీసుకుని కూర్చుని కరెంటు, గ్యాసు, ఇద్దరి కార్డులు వరసగా కట్టేవాడు. "నీ కార్డు డ్యూ డేట్ ఎప్పుడో చెప్పు చూద్దాం" అని ఏడిపించేవాడు. నాకు తెలీదు. నిజంగా తెలీదు. పెళ్ళికి ముందు రెండుసార్లు ఆలస్యమై లేటు ఫీజు కట్టిన మనిషిని నేను.

విడాకులకి ముందు నా స్కోర్ 780 పైన ఉండేది. ఆఫీసులో ఎవరో అడిగితే కొంచెం గొప్పగానే చెప్పాను. ఆ 780 ఎవరిది?

నా వాదన అక్కడ కూలిపోయింది. అతను తప్పిన మూడు వాయిదాలు నా తప్పు కాదంటే, అతను తప్పకుండా కట్టిన అన్ని నెలల సున్నాలు నా గొప్పా కాదు. పడిపోయినప్పుడు మాత్రమే "ఇది నాది కాదు" అనడం కుదరదు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు ఈ సంగతి మీద రాశారు, నైతిక అదృష్టం అని పేరు పెట్టారు. మన చేతిలో లేనివాటి మీద మనల్ని మెచ్చుకోకూడదు, తిట్టకూడదు అని అందరం ఒప్పుకుంటాం. తీరా లెక్క వేసి, మన చేతిలో లేనివన్నీ తీసేసుకుంటూ పోతే చివరికి మెచ్చుకోడానికీ తిట్టడానికీ ఏమీ మిగలదు. చదువుతున్నప్పుడు ఇది మాటల గారడీ అనిపించేది. కార్డు గడులు చూశాక అనిపించలేదు. కలిసి బతకడమంటేనే ఒకరి జాగ్రత్త ఇంకొకరి ఖాతాలో పడటం. ఒకరి అజాగ్రత్త కూడా.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. అతని ఉద్యోగం పోయింది. కంపెనీ ఒక శుక్రవారం సగం టీముని తీసేసింది. కామన్ ఫ్రెండ్ ఒకరు తర్వాత చెప్పారు. అతను నాకెందుకు చెప్పలేదు అని నేను అడగబోయేలోపే ఆ ఫ్రెండ్, "నీకు రెండుసార్లు చేశాడట. కలవలేదట" అన్నారు. కలవదు. తీర్పు వచ్చిన రాత్రి అతని నంబరు బ్లాక్ చేశాను. రుణం తీరిపోయింది కదా.

అతని వైపు తప్పు లేదని కాదు. మెయిల్ పెట్టొచ్చు. మా నాన్నకి ఫోన్ చేయొచ్చు. ఇన్‌సూరెన్స్ కాగితాల దగ్గర్నుంచి అన్నీ ఫైళ్ళలో పెట్టే మనిషికి ఇది తెలియకపోదు. సిగ్గుపడి ఉంటాడు. నాలాగే, స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటాడు.

*

మూడు ఈఎంఐలు కలిపి లక్షా పదిహేను వేలు, పైన ఛార్జీలు. నేను కట్టాను.

అమ్మ ఒప్పుకోలేదు. "వాడి ఇంటికి నువ్వు కట్టడమేంటే? వాడుండే ఇల్లది. నీకేమైనా వాటా ఉందా అందులో?" అమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. కడితే తప్పినవాడికి లాభం, కట్టకపోతే నాకు నష్టం. ఇది మంచితనం అని నేను చెప్పుకోను. ఎనభై ఏడు తొంభై కాకూడదు, అంతే. నాన్న మాత్రం, "కాగితం మీద పేరుందిగా, కట్టెయ్యమ్మా. తర్వాత వాణ్ణడుగు" అన్నాడు. 43వ సెక్షన్ మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది. ఆయన చట్టం చదవలేదు.

కట్టాక ఒక విచిత్రం గమనించాను. తర్వాతి నెల గడిలో సున్నా వచ్చింది. నా రిపోర్టులోనూ, అతని రిపోర్టులోనూ. ఎవరు కట్టారో అందులో ఉండదు. అతను తప్పిన నెలలకి నేను ఎలా దోషినో, నేను కట్టిన నెలకి అతను అలా నిజాయితీపరుడు. మా పెళ్ళిలో లేని సమానత్వం ఆ గడుల్లో ఉంది.

ఆరు నెలల తర్వాత అతను ఫ్లాట్ అమ్మేసి లోన్ మొత్తం తీర్చేశాడు. నా డబ్బు నా అకౌంట్లో వేసి రెండు లైన్ల మెయిల్ పెట్టాడు. "క్లోజ్డ్" అని రిపోర్టులో పడింది. ఇక్కడ ఒక మాట తెలిసి ఉండటం మంచిది. బాకీలో కొంత తగ్గించి కట్టించుకుని బ్యాంకు వదిలేస్తే "సెటిల్డ్" అని రాస్తారు. వినడానికి బానే ఉంటుంది. అప్పిచ్చేవాళ్ళ కంటికి మాత్రం అది మచ్చ. మామూలు భాషలో సెటిల్ అవడం మంచి మాట, విడాకుల్లో కూడా సెటిల్‌మెంట్ మంచిదే. ఆ రిపోర్టు భాషలో పూర్తిగా తీరడం ఒక్కటే మంచిది.

*

ఇక స్కోర్‌ని మళ్ళీ కట్టుకోవడం. ఇది చెప్పుకునేంత కథ కాదు. పాత కార్డు లిమిట్ తగ్గించేశారు, కొత్త కార్డు ఎవరూ ఇవ్వలేదు. యాభై వేలు ఫిక్సెడ్ డిపాజిట్ చేసి, దాని మీద కార్డు తీసుకున్నాను. నా డబ్బు నేనే తాకట్టు పెట్టి నా దగ్గర నేనే అప్పు చేసినట్టు. దాంతో కూరగాయలు, పెట్రోలు. లిమిట్‌లో మూడో వంతుకి తక్కువే వాడాలి. బిల్లు మొత్తం కట్టాలి, మినిమమ్ డ్యూ కాదు. ఇంకెక్కడా అప్లై చేయకూడదు, అడిగిన ప్రతిసారీ అది కూడా రాసుకుంటారు. అంతే. నెల తర్వాత నెల.

మొదట్లో ఇదంతా నాటకంలా అనిపించేది. అక్కర్లేని అప్పు చేసి, తీర్చి, చూశారా నేను తీరుస్తాను అని ఎవరికో చూపించుకోవడం. నమ్మకమంటే ఇదా? అరిస్టాటిల్ మాత్రం ఇందులో తప్పేముందనేవాడు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ మనిషి న్యాయవంతుడవుతాడు, ముందు గుణం వచ్చి తర్వాత పనులు రావు అన్నాడాయన. నిజం చెప్పాలంటే, నా డ్యూ డేట్ ఇప్పుడు నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక తెలిసింది. 780 ఉన్నప్పుడు లేని అలవాటు 641 తర్వాత వచ్చింది. ఈ రెండు నంబర్లలో నా గురించి ఏది నిజం చెప్పింది?

ఇప్పుడు 742. ఆ మూడు గడులు ఇంకా ఉన్నాయి. కొన్నేళ్ళు గడిచాక అవి కనపడకుండా పోతాయి. హన్నా ఆరెంట్ మనుషులకి రెండు శక్తులున్నాయంటుంది: రేపటి గురించి మాట ఇవ్వడం, నిన్నటిని క్షమించడం. ఈ రెండూ లేకపోతే కలిసి బతకలేం. స్కోర్‌కి మొదటిదే తెలుసు. క్షమించడం దానికి రాదు. కానీ మర్చిపోవడం వచ్చు, అదీ తేదీ ప్రకారం.

మనుషులు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. మొన్న ఒక పెళ్ళిలో దూరపు పిన్ని ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, అరిటాకు ముందు కూర్చోబెట్టి, "అసలేమైందే? ఎందుకు?" అంది. ఈ రెండేళ్ళలో ఎంతమంది అడిగారో. ప్రేమతోనే అడుగుతారు. చెప్తే క్షమిస్తారు కూడా, కారణం వాళ్ళకి సరిపోతే. మర్చిపోవడం మాత్రం ఉండదు. కొన్నేళ్ళు కాదు, ముప్పై ఆరేళ్ళైనా నేను ఆ పెళ్ళి పందిట్లో విడాకులు తీసుకున్న అమ్మాయినే.

లోన్ ఆఫీసులో అబ్బాయి "ఎందుకు" అని అడగనందుకు ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. అడిగి ఉంటే చెప్పేదాన్ని, వినుంటే నా తప్పు లేదని తెలిసేది అనుకున్నాను. ఇప్పుడు అతను అడగకపోవడమే మంచిదనిపిస్తోంది. "ఎందుకు" అనే గడి ఉంటే అది నింపేదెవరు? చదివేదెవరు? నా పెళ్ళి గురించి, అతని ఉద్యోగం గురించి, బ్లాక్ చేసిన నంబరు గురించి ఒక ఆఫీసు కూర్చుని విని, ఈ కారణం చెల్లుతుంది, ఇది చెల్లదు అని తీర్పిచ్చే ఏర్పాటు నాకు వద్దు. కారణం అడగకపోవడంలో కఠినత్వం ఉంది, మర్యాదా ఉంది. రెండిటినీ విడదీసి మర్యాద ఒక్కటే తీసుకోవాలని నాకున్నా అలా కుదరదు.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. ఆ నంబరు నా గురించి తీర్పు కాదు. నాతో సంబంధం లేనిదీ కాదు. ఒకసారి కలిసి ఇచ్చిన మాట, విడిపోయాక కూడా ఇద్దరి మీదా ఉంటుంది. దాన్ని తీర్చుకోడానికి ప్రేమ అక్కర్లేదు, స్నేహం కూడా అక్కర్లేదు. ఫోన్ కలిస్తే చాలు. విడిపోతున్న స్నేహితులు ఎవరైనా సలహా అడిగితే ఇప్పుడు రెండే చెప్తున్నాను. తీర్పు రాకముందే కలిసి ఉన్న ప్రతి లోనూ, ప్రతి కార్డూ జాబితా రాసుకుని, మూసేయడమో మార్చుకోవడమో చేయండి. కుదరనిదానికి ఈఎంఐ కట్టినప్పుడల్లా ఇద్దరికీ మెసేజ్ వచ్చేలా బ్యాంకులో నంబరు ఇవ్వండి. రెండోది: కోపమొచ్చినా సరే, అది తీరేదాకా ఆ ఒక్క నంబరు బ్లాక్ చేయకండి.

పోయిన నెల పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. సిబిల్ అంటే ఏంటో ఆవిడకి తెలియదు. ఓపిగ్గా విని, "అయితే అప్పుడే తీరలేదన్నమాట" అంది. ఇప్పుడు తీరింది పెద్దమ్మా అన్నాను. అది నిజమేగానీ పూర్తిగా కాదు. మా నాన్న ఇంటి కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. తమ్ముడికి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది, వాయిదాలు మొదలయ్యాయి. ప్రతి నెలా వాడు కట్టేదాంట్లో సగం నేను పంపిస్తున్నాను. ఆ లోన్‌లో నా పేరు ఎక్కడా లేదు.